బొట్టు పెట్టిన టైమింగ్ గేరు

2022లో ఖిదిర్‌పూర్‌లోని మా వర్క్‌షాపుకి ఒక పాత ఇంగ్లీషు కారును తాడు కట్టి లాక్కొచ్చారు. యజమాని మూర్తిగారు పోర్టులో ఆఫీసరుగా చేసి, రిటైరయ్యాక కలకత్తాలోనే స్థిరపడ్డారు. పాత కార్ల ఇంజన్లు విప్పి బిగించడం నాకు కొత్త కాదు. కానీ ఆయన మొదటి రోజే ఒక మాటన్నారు.

"అప్పారావూ, నా చూపు మసకబారుతోంది. ఈ చలికాలం దాటితే స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. ఈలోగా ఒక్కసారైనా దీన్ని నా చేత్తో నడపాలయ్యా."

ఇంజన్లో క్రాంక్‌షాఫ్ట్ పిస్టన్లతో కలిసి తిరుగుతుంది, కామ్‌షాఫ్ట్ వాల్వులను తెరిచి మూస్తుంది. ఈ రెంటినీ కలిపేవే టైమింగ్ గేర్లు. ఏ పన్ను ఏ సందులో కూర్చోవాలో తెలియడానికి వాటి మీద గుర్తులుంటాయి. తప్పుగా కలిపితే, ఈ రకం ఇంజన్లో పైకొచ్చే పిస్టన్ తెరుచుకున్న వాల్వును గుద్ది వంచేస్తుంది. ఆ వాల్వులు ఇప్పుడు వెతికినా దొరకవు.

కామ్‌షాఫ్ట్ గేరు పళ్ళు రాలిపోయాయి. గుర్తు కూడా వాటితోనే పోయింది. హౌరాలో కొత్త గేరు కోయించాను. దానికి గుర్తు లేదు కాబట్టి డయల్ గేజ్ పెట్టి, అంటే వెంట్రుకవాసి కదలికను కూడా చూపే గడియారం లాంటి పరికరంతో, మొదటి పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటు పట్టుకున్నాను. అక్కడ ఒక వాల్వు మూసుకుంటూ రెండోది తెరుచుకోవాలి. అది కుదిరాక, సరైన పంటి మీద ఎర్ర రంగు చుక్క పెట్టాను. బిగించే నట్టు వదులు కాకుండా పట్టే లాక్ వాషర్ ఇంకా రాలేదు. గేరు తీసి బల్ల మీద పెట్టాను.

మర్నాడు విశ్వకర్మ పూజ. ఆ రోజు మేం పనిముట్టు పట్టం. నా భార్య రత్నం అన్నిటినీ శుభ్రంగా తుడిచి, నూనెలో కలిపిన కుంకుమతో సుత్తి మొదలుకుని జాకీ దాకా బొట్లు పెట్టింది. అందరం కిచిడీ తిని హాయిగా పడుకున్నాం.

వాషర్ వచ్చాక, ఎర్ర చుక్కను క్రాంక్ గేరు గుర్తుకు కలిపి బిగించాను. మూర్తిగారు స్టూలు మీద కూర్చుని చూస్తున్నారు. స్టార్ట్ చేసేముందు ఇంజన్ను చేత్తో మెల్లగా తిప్పడం మా పద్ధతి. హ్యాండిల్ కొంచెం తిరిగి, టక్కున ఆగింది.

బలం చేయకుండా వెనక్కి తిప్పేశాను. మూర్తిగారి మొహం పాలిపోయింది. "వంగిందా?" అన్నారు.

కవరు తీసి చూస్తే వాల్వుల వరస పూర్తిగా తప్పింది. గేరు విప్పి ఎర్ర చుక్కను గుడ్డతో రుద్దితే నూనెతో సహా ఊడొచ్చింది. నా రంగైతే అలా రాదు. రత్నాన్ని పిలిచాను.

"దీని మీద ఏదైనా చెరిపేవా?"

"పంటి మీద ఏటో ఎర్రగా మరకుంటే కిరసనాయిలెట్టి తుడిసీసినాను. మరక మీద బొట్టెడతారేటి? శుబ్బరం సేసి, ఇటేపు పంటికెట్టినాను." నేను అసలు సంగతి చెప్పాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మా! ఎంత పని సేసినాను! ఇంకెప్పుడూ నీ ఇనప సామాన్ల జోలికి రాను."

మూర్తిగారు పగలబడి నవ్వారు. "నువ్వు పూజ మానకమ్మా. మీ ఆయన్ని చూసి బిగించమను."

వాల్వులు ఒక్కొక్కటే పరీక్షించాను. ఏదీ వంగలేదు. చేతులు కాలకముందే ఆకులు పట్టుకున్నాం. మళ్ళీ గేజ్ పెట్టి, గేరు కలిపి, ఈసారి గుర్తును గీసి లోతు చేశాను. రెండు చుట్లు చేత్తో తిప్పితే వెన్నలా తిరిగింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అప్పటినుంచి గుర్తు నేను పెట్టిందైనా సరే, వాల్వులను చూసుకోకుండా కవరు మూయను. గుర్తు అబద్ధం చెప్పొచ్చు, వాల్వు చెప్పదు.

చలికాలం రాగానే ఒక ఆదివారం పొద్దున్న మూర్తిగారు కారు నడిపారు, నేను పక్కన కూర్చున్నాను. రోడ్డు ఖాళీగా ఉంది. మైదాన్ చుట్టూ తిప్పి, గంగ ఒడ్డున నెమ్మదిగా ఆపారు. కాసేపు ఇంజన్ చప్పుడు వింటూ కూర్చుని, ఆపి, తాళం తీసి నా చేతిలో పెట్టారు.

"ఇంటికి నువ్వు పోనీ. వచ్చే ఏడూ నువ్వే. పక్కన కూర్చుని నిన్ను తిట్టడానికి కళ్ళతో పనేముంది?"

నాకు నవ్వూ వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి. దిగి అటువైపు వెళ్ళేసరికి ఆయన అప్పటికే సీటు ఖాళీ చేసి పక్కకు జరిగారు.