డాక్టరు గది ముందు ముసలమ్మ

దిష్టి, గాలి, దయ్యం అని ఎవరైనా మాట ఎత్తితే ముందుగా నవ్వేదాన్ని నేనే. ఇప్పటికీ నమ్మకం కుదిరిందని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను, ఏమనుకుంటారో మీ ఇష్టం.

మాది నిజామాబాద్. పెళ్లయ్యాక నాందేడ్ వచ్చాను. మా ఆయనకు ముద్ఖేడ్‌లో రైల్వే ఉద్యోగం. మా అత్త ధర్మాబాద్ దగ్గరి పల్లెలో పుట్టింది, తెలుగూ మరాఠీ రెండూ గడగడా మాట్లాడుతుంది. నాకు అప్పటికి మరాఠీ సగమే అర్థమయ్యేది. అందుకే ఆస్పత్రిలో నా బదులు ఆమే మాట్లాడేది.

నాలుగో నెల నిండాక నాకు ఒక రక్తపరీక్ష రాశారు. తల్లి రక్తంలో హార్మోన్లూ ఇంకేవో చూసి, కడుపులో బిడ్డకు లోపం ఉండే అవకాశం ఎంతో అంచనా కడతారట. వయసు, బరువు, చివరి నెలసరి తేదీ అడిగారు. నేను నోరు తెరిచేలోపే అన్నిటికీ మా అత్త జవాబు చెప్పేసింది.

బిడ్డ వెన్నెముకకు ముప్పు ఎక్కువని రిపోర్టు వచ్చింది. ఇది అంచనా మాత్రమే, పెద్ద స్కానింగ్ చేసి చూద్దామని డాక్టరమ్మ చెప్పిందట. ఆ మాట నా దాకా రానివ్వలేదు.

"అవిటి పిల్లను ఎవలు సాదుతరు? తీయించేస్కో," అన్నది మా అత్త. మా ఆయన తల వంచుకుని అన్నం తిన్నాడు. ఆ అన్నం గొంతు ఎలా దిగిందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఆ వారంలోనే మళ్లీ ఆస్పత్రికి తీసుకుపోయారు. పట్టపగలు. డాక్టరమ్మను ఒప్పించడానికి తల్లీకొడుకులు లోపలికి వెళ్లారు. కడుపు నాది, నేను మాత్రం బయట బెంచీ మీద. వాళ్లు వెళ్లాక ఆస్పత్రి ఆయమ్మ వరండా తుడిచింది, నేల ఇంకా తడిగా ఉంది.

చూస్తే పక్కన ఒక ముసలమ్మ. ఎప్పుడు వచ్చి కూర్చుందో తెలియదు. గోచీ పెట్టి కట్టిన చీర, గడ్డం మీద పచ్చబొట్టు, ఎడమ చెవి తమ్మె తెగి రెండుగా వేలాడుతోంది. నా ముఖం కూడా చూడకుండా అన్నది.

"తలకు పోసుకున్న రోజు గాదు బిడ్డా. ముట్టయిన రోజు జెప్పు."

మా అత్తగారింట్లో నెల లెక్క తలస్నానం నుంచే. మైల రోజులు లెక్కలోకి రావు, వాటిని నోటితో అనరు కూడా. డాక్టర్లు లెక్కపెట్టేది మొదటి రోజు నుంచి. అత్త ఏ తేదీ చెప్పి ఉంటుందో నాకు అప్పుడు తట్టింది.

లేచి గదిలోకి దూసుకుపోయాను. వచ్చీరాని మరాఠీలో అసలు తేదీ చెప్పాను. డాక్టరమ్మ రిపోర్టు మళ్లీ చూసింది. బిడ్డ వయసు తక్కువ వేస్తే ముప్పు లేకపోయినా ఉన్నట్టు రావచ్చని చెప్పి, స్కానింగ్ చేయకుండా తాను ఏ పనీ చేయనని మా వాళ్లకు కచ్చితంగా చెప్పేసింది.

బయటికి వస్తే బెంచీ ఖాళీ. తడి నేల మీద బెంచీ నుంచి గది దాకా నా చెప్పుల అచ్చులే ఉన్నాయి. ఇంకెవరి అడుగూ లేదు. ముసలమ్మ ఏదని అడిగితే, నువ్వొక్కదానివే కూర్చున్నావు కదా అన్నది ఆయమ్మ.

స్కానింగ్‌లో వెన్నెముక చక్కగా ఉంది. కొత్త తేదీతో లెక్క కూడా మామూలుగానే వచ్చింది.

ఆ సాయంత్రం మా అత్తకు ముసలమ్మ సంగతి చెప్పాను, కోపంతోనే చెప్పాను. రొట్టెలు చేస్తున్నది, చెవి మాట రాగానే చేయి ఆపింది.

"ఏ చెవి?"

ఎడమదన్నాను. ఆమె అత్తకు ఎడమ చెవి అలాగే ఉండేదట. మా ఆయన పసివాడుగా ఉన్నప్పుడే పోయిన మనిషి. ఇంట్లో ఫొటో లేదు, ఆమె ముచ్చట నా ముందు ఎవరూ ఎత్తలేదు.

"నాది దగ్గరుండి తీయించింది. నీ దానికోసం నడిసొచ్చిందా ముసల్ది!" అని మా అత్త గుండెలు బాదుకుంది. మా ఆయన తర్వాత నిలిచిన కడుపట. ఇంతలోనే ఇంకొకటి ఎందుకని తీయించిందట.

మరి నువ్వు నాకు చేయబోయింది ఏమిటని అడగాలనిపించింది. ఆ మంట ఇంకా లోపలే ఉంది.

నా కూతురు ఇప్పుడు బడికి పరుగెత్తుకుంటూ పోతుంది. బెంచీ మీద కూర్చున్నది ఎవరో, నా లెక్క ఆమెకు ఎలా తెలుసో ఎంత ఆలోచించినా తేలలేదు. ఏటా పెత్రమాసకు మా అత్త పోయిన పెద్దల పేరున బియ్యం ఇస్తుంది. ఆ ఏడు నుంచి ఒక్కొక్కరి పేరూ చెప్పి ఇస్తూ వచ్చి, తన అత్త వంతు బియ్యం మాత్రం మళ్లీ డబ్బాలో పోసేస్తుంది.