ధనమ్మ ఏరకుండా వదిలేసిన బొమ్మ

మా ధనమ్మ మొగుడి దగ్గర ఒక సంగతి దాచింది. అలాగని ఏదో కాని పని చేసిందనుకోకండి. పేకాడింది, అంతే. అదీ కంప్యూటర్‌లో, ఒక్కతే కూర్చుని. మరి దాచడం ఎందుకంటారా? దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పలాసలో జీడిపప్పు ఏరే బల్ల దగ్గర మేమిద్దరం పక్కపక్కనే కూర్చుంటాం. విరగని గుండు పప్పు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఇంకోవైపు. నోరు దాని దారిన అది మాట్లాడుతూనే ఉంటుంది, చెయ్యి దాని పని అది చేస్తూనే ఉంటుంది. ధనమ్మ చెయ్యి పడిందంటే ఇక తిరిగి చూడక్కర్లేదు.

ఆమె పెనిమిటి వరహాలుకి ఉద్దానంలో కొబ్బరి తోట ఉంది. మంచివాడే. వయసులో ఉన్నప్పుడు మాత్రం పేకాట పిచ్చి. ధనమ్మకి నొప్పులొస్తుంటే జీపు తెస్తానని వెళ్ళి, దారిలో పేకాట దగ్గర కూర్చుండిపోయాడు. జీపు రాలేదు, పిల్లాడు వచ్చేశాడు. ఆ పిల్లాడే ఆనంద్. ఇప్పుడు పలాస స్టేషన్ దగ్గర ఆటో నడుపుతున్నాడు. ఆ రోజు రాని జీపు బాకీ తీరుస్తున్నాడని మా బల్ల దగ్గర నవ్వుకుంటాం.

పురిటి స్నానం అయ్యాక ధనమ్మ మొగుణ్ణి నూకాలమ్మ గుడికి లాక్కెళ్ళింది. కొబ్బరికాయ మీద చెయ్యి వేయించి, ఇక పేక ముట్టనని ఒట్టు పెట్టించింది. పాపం, వరహాలు మళ్ళీ ముట్టలేదు. పెళ్ళిళ్ళకి వెళ్తే పేకాడేవాళ్ళున్న పందిట్లో భోజనానికి కూడా కూర్చోడు.

కోడలు తనూజ టెక్కలిలో డిగ్రీ చదివింది. ఇంట్లోనే తన కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కడెక్కడి పిల్లలకో లెక్కలు చెబుతుంది. అత్తకి మౌస్ పట్టుకోవడం అలవాటు చేద్దామని ఓ పేకాట తెరిచి ఇచ్చింది. ఒట్టు సంగతి ఆ పిల్లకి తెలీదు. ధనమ్మ మొదట చెయ్యి వెనక్కి లాక్కుంది. తర్వాత, ఒట్టు మొగుడిదే కదా, నాది కాదు కదా అనుకుంది. ఇంకేముంది, వరహాలు తోటకి వెళ్తే చాలు, ఈమె కంప్యూటర్ ముందు.

కొబ్బరి మట్టలకి తెల్లదోమ పట్టిన రోజుల్లో వచ్చింది చిక్కు. అంతకుముందు ఎప్పుడో ఒక రైతు వీడియోలో చెప్పిన మందు వరహాలు అదే కంప్యూటర్‌లో చూశాడు. పేరు మరిచిపోయాడు. చెట్లు చూస్తే మసి పట్టి నల్లబడిపోతున్నాయి. అన్నం కూడా సరిగా తినడం లేదు.

"బెంగెట్టుకోకు మావయ్యా," అంది తనూజ. "నా కంప్యూటరు తెర మీద ఏటొచ్చినా దానంతటదే ఫోటో తీసి దాసుకుంటాది. సాయంత్రం క్లాసయ్యాక ఎతికి సూపిత్తాను."

ధనమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. వరహాలు గుమ్మం దాటగానే కోడల్ని వంటింట్లోకి లాగింది.

"ఓలమ్మీ, నానాడిన పేకలు కూడా అందులో ఉంటాయేటి?"

"ఎందుకుండవత్తా? అన్నీ ఉంటాయి."

"సంపేసినావే నన్ను! ఆ మడిసి సేత ఒట్టేయించింది నానేనే. ఇప్పుడు ఏ మొకం ఎట్టుకుని సూపించీది?"

కథంతా విని తనూజ పొట్ట పట్టుకుని నవ్వింది. "దానికేటి, ఒక్క మీట నొక్కితే మొత్తం తుడుసుకుపోద్ది."

"మరి మీ మావయ్య మందో?"

"అదీ పోద్ది."

ధనమ్మ కాసేపు ఆలోచించింది. తన పరువు ఒకవైపు, తోట ఒకవైపు. "వొద్దు. ఏరుదాం. పేకలున్నవి తీసీసి, మిగతావి ఉంచీద్దాం. ఎలాగ తియ్యాలో సూపించు."

తెర మీద చిన్న చిన్న బొమ్మలు వరసలుగా పరుచుకున్నాయి. అచ్చం మా బల్లే. ధనమ్మ కూర్చుంది. పేకలు కనబడితే నొక్కడం, తుడవడం. లెక్కలుంటే వదిలేయడం. తనూజకి కళ్ళు తిరిగాయి గానీ ఆమె చెయ్యి ఆగలేదు. కొబ్బరి మట్ట ఉన్న మందు బొమ్మ కూడా దొరికింది. దాన్ని భద్రంగా ఉంచింది. దాని పక్కనే ఇంకో బొమ్మ ఉంది. ధనమ్మ మొట్టమొదట గెలిచిన ఆట. నాలుగు రాజులూ పైన వరసగా కూర్చున్నాయి.

అక్కడ ఆగింది చెయ్యి.

"అత్తా, అదీ పేకే!"

"తెలుసులేవే. ఇది గుండు పప్పు. ముక్కల్లో ఎలాగేత్తాను? మొదట మీ మావయ్యకి మందు సూపించు, ఇది సూడడులే."

సాయంత్రం తనూజ మందు బొమ్మ పెద్దది చేయబోయింది. వరహాలు చూపు ముందుగా పక్క బొమ్మ మీదే పడింది. పేకాడినవాడి కన్ను, తప్పుతుందా?

"ఇదెవులాడినారు?"

ధనమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ, "నానే మావా," అంది. "తప్పే. నీ సేత ఒట్టేయించి నాను ఆడీసినాను. తిట్టు, పడతాను."

వరహాలు ఆ నాలుగు రాజుల వైపే చూస్తున్నాడు. "ఎవులూ సాయం సెప్పకండానే గెలిసినావా?"

"ఎవులు సెప్తారు? ఒక్కదాన్నే."

"ఓలి నీ ఇల్లు బంగారం గానూ! ఏదీ, ఇంకోటి ఆడు, సూత్తాను."

"ముందు మందు పేరు రాసుకో మావయ్యా," అని తనూజ అరవాల్సి వచ్చింది.

మందు కొట్టారు. కొత్త మట్టలు పచ్చగా వస్తున్నాయి. ఇప్పుడు రోజూ ధనమ్మ ఆడుతుంటే వరహాలు వెనక నిలబడతాడు, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని. ఒట్టు ఒట్టే కదా.

"ఎర్ర తొమ్మిది మీద నల్ల ఎనిమిది ఎయ్యవేటే!"

"సూసినాను. నోరుమూసుకు నిలబడు."

"కళ్ళుంటే ఎప్పుడో ఏసీదానివి."

అతని చేతులు చూసి ధనమ్మకి జాలేసింది. అమ్మవారికి కాయ కొట్టి ఆ ఒట్టు విడిపించేస్తానని మా అందరి ముందూ చెప్పింది. తోటలోంచి మంచి కాయ ఏరి మంచం కింద పెట్టింది కూడా. కానీ ఒట్టు పోతే కంప్యూటర్‌తో ఆగుతాడా, మళ్ళీ ఆ పందిళ్ళలోకి పోతాడా అని లోపల చిన్న గుబులు. పైగా అతను చెయ్యి వేస్తే తన ఆటేమవుతుంది?

మొన్న వాళ్ళింటికి వెళ్ళి మంచం కిందకి తొంగిచూశాను. కాయకి మొలకొచ్చేసింది.

"ఏటొదినా, ఎప్పుడెల్తావు గుడికి?" అన్నాను.

"ఎల్తాను," అంది తెర మీంచి చూపు తిప్పకుండా. "ఇంకో కాయ సూడాల."