సూర్యుడు అడ్డొచ్చిన ఎనిమిది నిమిషాలు

2020 అక్టోబరు. ఐర్లండ్‌లో అత్లోన్ ఊరి శివార్లలోని శాటిలైట్ కేంద్రంలో షిఫ్టుకు ఒక్కరమే ఉండేవాళ్ళం. గొంతులో కాస్త గరగరమన్నా కోవిడేనని గుండె జారిపోయే రోజులవి. భూమికి ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున, ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టుండే జియోస్టేషనరీ శాటిలైట్ ద్వారా యూహెచ్‌డీ, అంటే అతి స్పష్టమైన టీవీ ప్రసారాలు నడపడం నా పని.

దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, నాకు తెలిసిన శిరీష అనే ఖమ్మం అమ్మాయి నర్సు. అక్కడుండే ప్యాట్ అనే పెద్దాయన భార్య చనిపోయింది. కోవిడ్ వల్ల ఆయన్ను చర్చికి పంపరు. శిరీష అడిగితే, మా మేనేజరు ఖాళీగా ఉన్న టెస్ట్ చానల్‌లో అంత్యక్రియలు లైవ్ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు.

"రికార్డింగ్ ఇస్తే సరిపోదా?" అన్నాను.

"వద్దంటుండన్నా. శవపెట్టె బయటికి పోయేటప్పుడు లేచి నిలబడతరంట ఈడ. ఆ టైముకే నిలబడాలంట తాత."

ఏటా రెండుసార్లు, కొన్ని రోజులపాటు, సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తాడు. సూర్యుడి నుంచి వచ్చే రేడియో తరంగాల హోరులో సిగ్నల్ మునిగిపోతుంది. దాన్ని సన్ అవుటేజ్ అంటాం. మా పట్టికలో అంత్యక్రియల రోజుకు 10:31 నుంచి 10:39 అని ఉంది. ప్రార్థన పదకొండింటికి. ఏ ఇబ్బందీ లేదని శిరీషకు గొప్పగా చెప్పాను.

ఆ రోజు పదిన్నర దాటినా బొమ్మ పోలేదు. అదృష్టం అనుకున్నాను. కానీ సూర్యుడు లెక్క తప్పడు కదా! నా ఫోన్‌లో పదకొండూ ఇరవై అయినప్పుడు గోడ గడియారం చూస్తే పదీ ఇరవై. అది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడి టైము. పట్టిక కూడా అందులోనే. చలికాలంలో ఐర్లండ్ టైమూ అదీ ఒకటే కాబట్టి మాకు బద్ధకం అలవాటైంది. అక్టోబరులో మేం ఇంకా గంట ముందుంటాం, అంటే పట్టికలోని 10:31 మాకు 11:31.

ఇంకో పదకొండు నిమిషాల్లో తెర పోతుంది. నోరు మూసుకుంటే తప్పు సూర్యుడి మీదకు పోతుంది. నా వర్క్ పర్మిట్ కాగితాలు సంతకం కోసం మేనేజరు బల్లమీదే ఉన్నాయి. రెండు నిమిషాలు ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాను. తర్వాత చర్చి దగ్గర మా ప్రసార వ్యాన్‌లో ఉన్న డెక్లన్‌కు చేశాను.

"పదకొండూ నలభై దాకా పెట్టె కదలకుండా ఆపించగలవా? టైము నేనే తప్పు చూశాను."

"ఫాదర్‌ని అడుగుతా," అని ఫోన్ పెట్టేయకుండానే వెళ్ళాడు. ప్రార్థన మధ్యలో ఉన్న ఆయనతో మాట్లాడి ఎనిమిది నిమిషాలకు వచ్చి, "గ్రాండ్, ఒప్పుకున్నాడు. పూసలు తిప్పుతూ రోసరీ జపం చెప్పిస్తాడట," అన్నాడు.

శిరీషకు ఫోన్ కలిసేలోపే బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగి నల్లబడింది. ఆమే చేసింది.

"అన్నా, టీవీ పోయింది! తీస్కపోతున్నరనుకొని తాత లేచి నిలబడ్డడు. పోయిన నెలనే తుంటికి ఆపరేషనైంది. కాళ్ళు వణుకుతున్నయ్!"

"తీసుకెళ్ళలేదమ్మా, ఆగారు! కూర్చోబెట్టు."

"చెప్పిన. ఆమె ఆగితే నేనూ నిలబడే ఆగుతనంటుండు."

ఆయన పడిపోతే? బొమ్మ తిరిగి రాకపోతే? ఫోన్‌లో ఆయన పట్టుకున్న వాకర్ నేలకు టకటకా కొట్టుకోవడం వినిపిస్తూనే ఉంది. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ పడలేదు.

11:39కి బొమ్మ వచ్చింది. పెట్టె ఇంకా ఫాదర్ ముందే ఉంది. అప్పుడే భుజాలకెత్తారు.

"చూస్తుండన్నా," అంది శిరీష, ఏడుస్తూ.

మేనేజరుకు నేనే చెప్పాను. తిట్టాడు, పర్మిట్ కాగితాల మీద మాత్రం సంతకం పెట్టాడు. ఇప్పుడు ప్రతి పట్టికలోనూ రెండు టైములూ రాస్తాను. కానీ నేర్చుకున్న అసలు పాఠం అది కాదు. తప్పు తెలిసిన క్షణంలోనే నోరు విప్పి ఉంటే, బొమ్మ పోయేలోపు శిరీషకు చెప్పగలిగేవాణ్ణి. ఆ ముసలాయన వణికే కాళ్ళ మీద ఎనిమిది నిమిషాలు నిలబడ్డాడు. అందుకు కారణం సూర్యుడు కాదు, నేను ఫోన్ వంక చూస్తూ కూర్చున్న ఆ రెండు నిమిషాలు.