కండక్టరు గారి ఉప్పునీళ్ళ పెత్తనం

కండక్టరుతో వాదానికి దిగి గెలిచినవాడు ఇంకా పుట్టలేదని వాళ్ళక్కకు బాగా తెలుసు. ఒకసారి ఆవిడ అతని బస్సులోనే ఉంది. కిటికీ పక్క సీటు కోసం ఇద్దరు పెద్దమనుషులు ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. ముందే సంచి వేశానంటాడు ఒకడు. సీటు సంచికా మనిషికా అంటాడు ఇంకొకడు. న్యాయం ఎవరిదని కండక్టరు అడగనే లేదు. విజిలు ఊది బస్సు ఆపించాడు.

"అందరూ దిగండి. దిగి మళ్ళీ ఎక్కండి. ఎవరికేది దొరికితే అదే సీటు."

"మధ్యలో మేమేం చేశామయ్యా?" అన్నారు మిగిలినవాళ్ళు.

"చేశారని నేనన్నానా? దిగండి."

బస్సు బస్సంతా దిగి మళ్ళీ ఎక్కింది. తగువులాడిన ఇద్దరూ ఒకే కడ్డీ పట్టుకుని, దారి పొడుగునా నోరెత్తకుండా నిలబడ్డారు. అంతదాకా హాయిగా కూర్చున్న అక్క కూడా నిలబడింది. తమ్ముడి బస్సు కదా అని ఎక్కినందుకు దక్కిన మర్యాద అది. ఆవిడకు ఒళ్ళు మండింది గానీ, మావాడంటే మాటలా అని లోపల్లోపల మురిసిపోయింది కూడా.

ఉద్యోగం నుంచి దిగిపోయాక కండక్టరుకు పెత్తనం చెయ్యడానికి మనుషులు కరువయ్యారు. ఇంట్లో భార్య దగ్గర ఆ పప్పులు ఉడకవు. చివరికి హాల్లో పెద్ద గాజుతొట్టె పెట్టించాడు. అందులో ఉప్పు కలిపిన నీళ్ళు పోసి, బొరియలున్న రాళ్ళు గుట్టగా పేర్చి, సముద్రపు చేపల్ని తెచ్చుకున్నాడు. వాటికి పెట్టిన శ్రద్ధలో వీసం వంటింటి చిమ్నీ మీద పెట్టి ఉంటే ఈపాటికి నా కళ్ళు బాగుండేవని భార్య అంటూనే ఉంది.

మొదట వచ్చింది నీలం చేప. చూపుడువేలంత కూడా లేదు. పిట్ట కొంచెం, కూత ఘనం. పెద్ద బొరియ దానిదట. బొరియ ముందున్న ఇసుకా దానిదేనట. ఆ పైనున్న నీళ్ళు కూడా వాళ్ళ తాత ఇచ్చి పోయాడట! తర్వాత తెచ్చిన చేపల తోకలన్నీ కొరికి పీలికలు చేసింది. ఒకటి ఆ బాధకే చచ్చింది. ఇంకొకటి బతికితే చాలనుకుని తొట్టెలోంచి నేలమీదకు దూకి చచ్చింది.

"మీ పోలికే వచ్చింది దానికి," అంది భార్య.

కొన్నాళ్ళకు ఆవిడే దుకాణానికి వెళ్ళి, అరచెయ్యంత పసుపు చేపను ఏరి తెచ్చుకుంది. తొట్టెలో వదిలే ముందు ఒక మాట చెప్పింది.

"ఇది నాది. దీనికేదన్నా అయిందో, తొట్టె వీధిలో ఉంటుంది. తర్వాత చెప్పలేదనకండి."

ఆవిడ ఒక మాట రెండోసారి చెప్పే మనిషి కాదు. అది అక్కకు తెలుసు. కండక్టరుకు మరీ తెలుసు. ఆ తొట్టె పోతే అతనికి పొద్దున లేచి చెయ్యడానికి పనంటూ ఉండదు.

ముందు భార్య చేతి అద్దం తెచ్చి తొట్టెకు బయట అంటించాడు. నీలం చేప అందులో ఇంకో నీలం చేపను చూసి, పూటంతా దానితో కొట్లాడింది. మధ్యాహ్నానికి విసుగెత్తి వెనక్కి తిరిగి పసుపు చేప తోక అందుకుంది.

"తనతో తాను కొట్లాడి అలిసిపోతుందనుకున్నావురా?" అంది అక్క. "అది మన వంశమే. ఇంకా మిగిల్చుకుంటుంది."

ఆ తర్వాత కూరగాయలు కడిగే చిల్లుల బుట్ట ఎత్తుకొచ్చి, నీలం చేపను అందులో పెట్టి, పైన మూతేసి, తొట్టెలోనే వేలాడదీశాడు.

"నేను కూరలు దేంట్లో కడుక్కోను?" అని భార్య వంటింట్లోంచి అరిచింది.

"ఖైదీని వదిలాక ఇస్తాలే!"

ఖైదీ బుట్టలో ఉండగానే రాళ్ళన్నీ తీసి కొత్తగా పేర్చాడు. పసుపు చేప ఒక బొరియ చూసుకుని స్థిరపడింది. నాలుగు రోజులు ఆగి బుట్ట ఎత్తితే నీలం చేపకు తన ఇల్లేదో తనకే తెలియలేదు. కొత్తగా అద్దెకు దిగినవాడిలా అణిగిమణిగి తిరిగింది.

"దింపి మళ్ళీ ఎక్కించానక్కా! చేపైనా మనిషైనా మందొకటే!"

మందు పనిచేసిన మాట నిజమే. అయితే అది అక్క నోట రావాలా? "ఉప్పెక్కువైనట్టుంది," అంది, "నీళ్ళలోనో, నీలోనో."

అక్కడితో చెయ్యి కడుక్కుని ఉంటే కథే లేదు. మర్నాడు నీలం చేప పసుపుదాన్ని ఒక్కసారి తరిమింది. ఒక్కసారే. కండక్టరు చొక్కా చెయ్యి మడిచి మళ్ళీ రాళ్ళన్నీ కదిపాడు. ఆ తర్వాత పసుపుది తోక విసిరిందని మరోసారి కదిపాడు. ఆపైన ఏ తగువూ లేకపోయినా ముందుజాగ్రత్త కోసమని రోజూ కదిపాడు. హాలంతా తడి. భార్య మాట్లాడడం మానేసింది.

అక్క మళ్ళీ వచ్చేసరికి చేపలు రెండూ ఒక మూలన గాజుకు ఆనుకుని ఉన్నాయి. పసుపుది వెలిసిపోయిన గుడ్డలా ఉంది. దాని పొట్ట లోపలికి పోయింది. వేసిన మేత వేసినట్టే తేలుతోంది.

"చూడక్కా, పక్కపక్కనే! రాజీ కుదిరింది."

"రాజీ కాదురా, సొమ్మసిల్లాయి."

"అదేంటే అలా అంటావ్?"

"నీ బస్సెక్కినవాడికి ఎక్కడో ఒక స్టాపుంది. దిగి ఇంటికి పోయి నడుం వాలుస్తాడు. వీటికి ఇల్లే ఇది. రోజూ ఇల్లు పీకి పందిరేస్తే ఎక్కడ పడుకుంటాయి, ఎప్పుడు తింటాయి? ఆ నీలంది తోకే కొరికింది. నువ్వు ప్రాణం తోడేస్తున్నావు."

వంటింట్లోంచి భార్య గొంతు వినిపించింది. "వదినా, వీధి తలుపు రెండో రెక్క కూడా తీసి ఉంచనా? తొట్టె ఒక రెక్కలోంచి పట్టేట్టు లేదు."

కండక్టరు పసుపు చేప వంక చూశాడు. చూస్తూ చూస్తూనే చెయ్యి నీళ్ళలోకి పోనిచ్చాడు.

"ఈ ఒక్క రాయీ అటు జరిపితే..."

అక్క ఉరిమి చూసింది. చెయ్యి నీళ్ళు కారుతూ బయటికొచ్చింది.

ఆ చేత్తోనే ఒక కుర్చీ లాక్కొచ్చి తొట్టె ముందు వేశాడు.

"కూర్చోక్కా."

"నాకెందుకురా?"

"నా చెయ్యి నా మాట వినేట్టు లేదు. పసుపుది మేత ముట్టేదాకా ఇక్కడే ఉండు. నేను నీళ్ళ జోలికి వస్తే ఒక్కటి కొట్టు." వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "గట్టిగానే కొట్టు. మెల్లగా కొడితే నేను వాదనకు దిగుతాను."