రోడ్డు మీద వదిలిన రాళ్లు

మా ఆయన కారు నడపడంలో నిదానం, కారుకు కావలసినవి కొనడంలో ఇంకా నిదానం. ఆళ్లగడ్డలో మేమిద్దరం టీచర్లుగా పనిచేసే రోజులవి, డెబ్బైల చివర. నంద్యాలలో ఒకాయన వాడి వాడి విసిగి వదిలించుకున్న కారును మేం ముచ్చటపడి కొన్నాం. మా వీధి మొత్తానికి అదొక్కటే కారు. కాన్పులకూ పెళ్లిచూపులకూ చర్చి పనులకూ ఎవరడిగినా ఈయన కాదనేవారు కాదు. కారు మాత్రం అప్పుడప్పుడూ కాదనేది.

మా మామ డోన్‌లో ఏళ్ల తరబడి లారీ నడిపిన మనిషి. కారు కొన్న వారానికే వచ్చి, దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, మా ఇద్దరినీ ముందు నిలబెట్టి పాఠం చెప్పారు. పాఠాలు చెప్పి బతికేవాళ్లకు తాను పాఠం చెప్పడం ఆయనకు మహా సరదా. "బండి నిలబడితే ముందు బండిని గాదు, ఎనక వచ్చేటోన్ని చూడల్ల" అన్నారు. వీలైనంత పక్కకు తీయాలి. హ్యాండ్ బ్రేకు వేసినా సరే, వెనక చక్రాలకు రాళ్లు పెట్టాలి. ముప్పై అడుగుల వెనక పచ్చికొమ్మలు వేయాలి. లోపల ఎవరూ కూర్చోకూడదు, దిగి చేని వైపు నిలబడాలి. రేడియేటరు కాగి పొగలు కక్కుతుంటే మూత ముట్టుకోకూడదు. ఇవన్నీ చెప్పి, చివర నా వైపు తిరిగి, "రాళ్లు పెట్టిన మనిషే తీయల్లమ్మా. ఇంగొకరు తీస్తార్లే అనుకుంటే ఎవరూ తీయరు" అన్నారు. అప్పటినుంచి బానెట్ కింద పని మా ఆయనది, రోడ్డు మీద పని నాది.

ఒకరోజు నంద్యాలలో మా అమ్మ మంచానికి కొత్త నవారు కొన్నాం. ఫ్యాన్ బెల్టు అరిగిపోయింది, ఇంకొకటి కొని పెట్టుకుందామని నెల రోజులుగా పోరుతున్నాను. ఆ రోజూ మా ఆయన మరిచిపోయారు. శిరివెళ్ల దాటి కొంతదూరం వచ్చాక, ఒక కల్వర్టు ఎక్కుతుండగా బెల్టు తెగింది. కొద్దిసేపటికే ఇంజిను కాగి బండి నిలబడింది. పక్కనంతా నల్లరేగడి, పైగా కాలువ నీళ్లకు నాని ఉంది. దిగితే చక్రాలు కూరుకుపోతాయని సగం బండి తారు మీదే ఆపాల్సి వచ్చింది. నేను దిగి, తలకాయంత రాళ్లు రెండు ఏరి తెచ్చి వెనక చక్రాలకు పెట్టాను. వేపకొమ్మలు విరిచి దూరంగా వేసి వచ్చాను.

ఆయన ఇంజిను చల్లారేదాకా ఓపిగ్గా కూర్చున్నారు. అందులో వంక పెట్టడానికి లేదు. కాలువ నుంచి డబ్బాతో నీళ్లు తెచ్చి పోశారు. తర్వాత నవారు చుట్ట విప్పి, కొంత కోసి, మెలేసి, బెల్టుకు బదులు బిగించడం మొదలుపెట్టారు. ఉపాయం మంచిదే. కానీ కోసింది చివర కాదు, నట్టనడుమ.

"చివర కోయకూడదా? ముక్కల నవారుతో మంచం ఎట్ల అల్లేది?" అన్నాను.

"చేతికి దొరికిన కాడ కోసినా. ఏందిప్పుడు?"

"బెల్టు కొనమని నెల నుంచి మొత్తుకుంటాండా గదా."

"నువ్వు మాట్లాడకుండా పోయి కార్లో కూర్చో."

బెల్టు బిగుస్తోంది, కారు కదలబోతోంది, నిజానికి ఎక్కి కూర్చోవలసిన వేళే. కానీ ఆ 'మాట్లాడకుండా' అన్న మాట నా ఒళ్లు మండించింది. వెళ్లి కూర్చున్నాను. ఆయన ఇంజిను స్టార్ట్ చేసి, నేను ఎక్కానంటే రాళ్లు తీసే ఎక్కానని అనుకుని బండి పోనిచ్చారు.

మైలు దూరం వచ్చాక రాళ్ల సంగతి గుర్తొచ్చింది. నోరు తెరవబోయి మూసుకున్నాను. మాట్లాడవద్దన్నారు కదా, సరే. పైగా నవారు టపటపమని కొట్టుకుంటోంది, మధ్యలో ఆపితే మళ్లీ కదులుతుందో లేదో. వెలుతురు ఉంది, కొమ్మలు వేసే ఉన్నాయి, కళ్లున్నవాడెవడైనా చూసుకుంటాడు. మనిషికి చెప్పబుద్ధి కాకపోతే సాకులకేం తక్కువ? మిగిలిన అయిదు మైళ్లూ కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాను. ఈ రోజుకీ నన్ను నేను క్షమించుకోలేనిది మరిచిపోవడం కాదు, ఆ అయిదు మైళ్లు.

ఆళ్లగడ్డలో నేరుగా మెకానిక్ షెడ్డుకే పోయాం. కొత్త బెల్టు వేయడానికి అరగంట పట్టింది. బల్ల మీద బిగుసుకుని కూర్చున్నాను. అంతా అయ్యి ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాక అప్పుడు నోరు పెగిలింది.

"రాళ్లు తీయలేదు."

"ఏ రాళ్లు?" అని నా ముఖం చూశారు. తిట్టలేదు. కారు వెనక్కి తిప్పారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

కల్వర్టు దగ్గర మేకల మంద రోడ్డు దాటుతోంది. మేం వేసిన వేపకొమ్మలకు ఒక్క ఆకు మిగల్లేదు. పుల్లలు మాత్రమే ఉన్నాయి. వాటికి ఇవతల ఒక సైకిలు పడి ఉంది, ముందు చక్రం వంకర పోయింది. దాని పక్కనే ఒక మనిషి కుడిచేయి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మా నాయన వయసుంటుంది. నుదుటి మీద నెత్తురు. వెనక నుంచి బస్సు హారన్ కొడితే అంచుకు జరిగాడట, అక్కడ రాయి ఉందట.

మా ఆయన, నేను చెరో పక్క పట్టుకుని కారు ఎక్కించాం. దారి పొడుగునా ఆ మనిషి దండాలు పెట్టినంత పని చేశాడు. "దేవుడు పంపించినట్ల వచ్చినారమ్మా. ఒక్క బండీ నిలపలేదు" అన్నాడు. కాసేపాగి, "ఎవడో లారీవోడు పెట్టి పోయినాడు. వాని చేతులు పడిపోను" అన్నాడు. నా చేతులు కొంగు కింద దాచుకున్నాను.

ఆళ్లగడ్డలో మాకు తెలిసిన డాక్టరు నుదుటికి కుట్లు వేసి, మణికట్టు దగ్గర ఎముక విరిగిందని చెప్పి కట్టు కట్టసాగాడు. కుడిచేయి. అవి వరికోతల రోజులు, ఆ మనిషి కొడవలి పట్టి బతికేవాడు. ఆ కోతలన్నాళ్లూ వాళ్ల ఇంటికి బియ్యం మేమే చేర్చాం. దాంతో నా మనసు కుదుటపడిందని చెబితే అబద్ధం.

కట్టు పూర్తయ్యాక ఆ మనిషి మళ్లీ, "మీ కడుపు సల్లగుండ" అంటూ ఎడమచెయ్యి ఎత్తాడు. ఇక భరించలేకపోయాను.

"లారీవాళ్లు కాదప్పా. ఆ రాళ్లు పెట్టింది నేను. తీయకుండా వచ్చిందీ నేనే."

మా ఆయన, "ఇద్దరం" అన్నారు, "మేమిద్దరం మరిచినాం."

"ఆయన మరిచినాడు. నాకు గుర్తొచ్చింది, చెప్పలేదు" అన్నాను.

డాక్టరు తల ఎత్తి చూశాడు. ఆ మనిషి ఎత్తిన చెయ్యి దించి కట్టు వైపు చూసుకున్నాడు. తిడతాడని ఎదురుచూశాను, తిట్టమనే ఎదురుచూశాను. చివరికి తల తిప్పి, మామూలుగా అడిగాడు.

"ఇప్పుడన్నా తీసినారా?"

మా ఆయన నా ముఖం చూశారు, నేను ఆయన ముఖం చూశాను. ఆ రాళ్ల కోసమనే పోయినవాళ్లం. మనిషిని ఎత్తుకుని వచ్చేశాం, రాళ్లు అక్కడే ఉన్నాయి.

పరుగున వచ్చి కారు ఎక్కాం. పొద్దు గూకుతోంది. ఎదురుగా సైకిళ్ల మీద ఇళ్లకు పోయేవాళ్లు, గడ్డి మోపులతో ఆడవాళ్లు, ఒక మోటారు సైకిలు మీద ముగ్గురు. ప్రతి మనిషినీ లెక్కపెట్టుకున్నట్టు చూస్తూ పోయాను. ఆయన కారును కల్వర్టు ఇవతలే ఆపి, లైట్లు వేసి ఉంచారు. ఒక రాయి పెట్టినచోటే ఉంది, ఇంకొకటి మూరెడు జరిగింది. రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి చేనిగట్టు అవతల పడేశాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.