సావిత్రక్క సంచి మీద బొటనవేలి మచ్చ

పదకొండేళ్లుగా ఈ బరువు నా గుండె మీద ఉంది. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు. రెండు మూడు సార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. మధ్యలో తడబడితే కాస్త ఓపిక పట్టండి.

మేముండేది ఇక్కడ ఉత్తరాదిలో, జనక్‌పురిలో. మా ఆయన ఆఫీసుకు వెళ్లాక పొద్దుపోక తోలుపని నేర్చుకున్నాను. ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీల్లో మిగిలిన తోలు అమ్మే కొట్టు ఒకటుంది. మెట్రో ఎక్కి వెళ్లి తెచ్చుకునేదాన్ని. పర్సులు, బెల్టులు, కళ్లజోడు కవర్లు కుట్టి బాల్కనీలో రంగులు వేసుకునేదాన్ని. కాలనీలో అందరూ ‘లెదర్‌వాలీ దీదీ’, అంటే తోలుపని అక్క, అని పిలుస్తుంటే లోపల పొంగిపోయేదాన్ని. ఆ పొంగే నన్ను ముంచింది.

సావిత్రక్క మా కింది ఇంట్లో ఉండేది. శ్రీకాకుళం వైపు మనిషి. భర్త సైన్యంలో సుబేదారు. పోస్టింగులో ఉండగానే గుండెపోటుతో పోయాడు. కంటోన్మెంటులో క్వార్టర్ ఖాళీ చేసి, పదమూడేళ్ల కూతురు పింకీతో ఇక్కడ అద్దెకు దిగింది. ఒకరోజు పాత చీరలో చుట్టి ఒక తోలుసంచి తెచ్చింది. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు కొనుక్కున్నదట. కాగితాలు, ఉత్తరాలు అందులోనే పెట్టుకుని ప్రతి ఊరూ మోశాడట. క్వార్టర్ కప్పు కారి వానకు తడిసి, తెల్లగా మచ్చలు కట్టింది. పైమూత అంచున మాత్రం నల్లటి గుర్తు ఒకటుంది. ఇరవయ్యేళ్లు ఒకే చోట బొటనవేలు ఆనించి మూత తీయగా పడిన గుర్తు.

“దీని జోలికి మాత్రం ఎల్లకు చెల్లీ. ఆయన బొటనేలిది. మిగతాదంతా నీకెలా తోస్తే అలా రంగేసీ,” అంది.

పాత తోలుకు రంగు వేసేముందు లోపలి వైపు, కనబడని చోట ఒక చుక్క వేసి చూడాలి. ఎండి బీటలిచ్చిన చోట తోలు రంగును ఎక్కువగా తాగేస్తుంది. ముదురు చేయడం ఎప్పుడైనా చేతిలో పనే. ఒకసారి ముదిరాక వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేసి ఉంటే ఈ కథే లేదు. నా దగ్గర రెండు సీసాలున్నాయి. ఒకటి నీళ్లలో కలిపే రంగు. నెమ్మదిగా, పలచగా, మూడు నాలుగు పూతల్లో ఎక్కుతుంది. రెండోది స్పిరిట్ రంగు. ఒక్క పూతలో లోపలిదాకా దిగిపోతుంది. నీళ్లరంగు రెండు పూతలు వేసినా సంచి వెలవెలబోతూనే కనిపించింది. సావిత్రక్క చూడగానే ఆశ్చర్యపోవాలి అనుకున్నాను. ఎవరి కోసం? ఆమె కోసమా, నా కోసమా?

స్పిరిట్ రంగు సీసా మూత తీశాను. లోపలి వైపు చుక్క వేసి చూడలేదు.

గుడ్డతో మొదటిసారి రుద్దగానే రంగు పాకింది. సంచి మూత మీదుగా, అంచు మీదుగా, ఆ గుర్తు మీదుగా. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. స్పిరిట్‌తో తుడిచాను. తుడిచిన కొద్దీ నలుపు పరుచుకుంది. ఇంకా గట్టిగా రుద్దేసరికి పైపొర లేచిపోయింది. బొటనవేలి మచ్చ లేదు. మచ్చ ఉండాల్సిన చోట పుండులా గరుకుగా, నల్లగా మిగిలింది.

అప్పుడే కిందికి దిగి కాళ్లు పట్టుకుని ఉంటే? ఏడ్చేది, తిట్టేది, అంతే కదా. నేను దిగలేదు. మర్నాడు ఫరీదాబాద్ వెళ్లాను. అదే మందం తోలు వెతికి తెచ్చాను. పాత సంచి కుట్లు విప్పి, ముక్కలు పరిచి, చుట్టూ గీసి కొత్తది కోశాను. కుట్టుకు కుట్టు లెక్కపెట్టి కుట్టాను. ఈసారి నీళ్లరంగే, ఓపికగా నాలుగు పూతలు. ఎండలో పెట్టాను, నూనె రాశాను, మూలలు అరగదీశాను. అంత శ్రద్ధగా నేను ఇంకే పనీ చేయలేదు.

ఇక మచ్చ ఒక్కటే మిగిలింది. నా బొటనవేలు చిన్నది. మా ఆయన టీ తాగుతుంటే పక్కన కూర్చుని, ఆయన వేలికి నూనె, ముదురు రంగు రాసి మూత మీద ఆనించమన్నాను. “ఏంటిది?” అన్నాడు నవ్వుతూ. ఏదో ప్రయోగం అన్నాను. పోయిన మనిషి గుర్తు ఉండాల్సిన చోట బతికున్న నా భర్త వేలు పెట్టించాను. ఆయనకు ఇప్పటికీ తెలియదు. విప్పిన పాత ముక్కలు చెత్తబండిలో వేశాను.

సంచి అందుకుని సావిత్రక్క చాలాసేపు తడిమింది. తర్వాత ముక్కుకు ఆనించుకుంది.

“వాసన మారిపోనాదేటి చెల్లీ?”

“కొత్త రంగు కదక్కా. కొన్నాళ్లకు పోతుంది.”

ఆమె నమ్మింది. ఆ మచ్చలో తన బొటనవేలు పెట్టి, “ఇదిగో, ఈయన మాత్రం ఎక్కడికీ పోలేదు,” అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా ఏడుపు చూసి నన్నే ఓదార్చింది. ఓ ఏడాది పోయాక మెట్ల దగ్గర నన్ను ఆపి, “నువ్వన్నట్టే ఆయన వాసన మళ్లీ వచ్చింది చెల్లీ,” అంది. ఆ రోజు నుంచి నేను తోలు ముట్టుకోలేదు. మెడనొప్పి అని అందరికీ చెప్పాను.

అక్కడితో ఆగినా బాగుండేది.

పోయిన చలికాలం న్యుమోనియాతో సావిత్రక్క వెళ్లిపోయింది. తీసుకెళ్లే ముందు హాల్లో పడుకోబెట్టారు. పింకీ ఇప్పుడు ఇరవై నాలుగేళ్లది, ఉద్యోగం చేస్తోంది. ఆ సంచిని రెండు చేతులా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“ఆంటీ, యే మమ్మీ కే సాథ్ భేజ్ దూఁ? యా రఖ్ లూఁ?”

అమ్మతో పంపేయనా, నేను ఉంచుకోనా అని. పంపాలని ఆ పిల్లకు లేదు. వేళ్లు చూస్తేనే తెలుస్తోంది. తండ్రిది అనుకునేందుకు ఆమెకు మిగిలింది అదొక్కటే. మూత కుట్లు అప్పటికే వదులయ్యాయి. ఏదో ఒకరోజు బాగుచేయించడానికి ఇస్తుంది. విప్పి చూసినవాడు ఇది అంత పాత తోలు కాదమ్మా అంటాడు. ఇదంతా ఒక్క క్షణంలో నా తలలో తిరిగింది.

“అమ్మతోనే పంపించు తల్లీ,” అన్నాను. “అమ్మకు అదే ఇష్టం.”

పింకీ తలూపి, తల్లి గుండెల మీద పెట్టింది. అంతా కలిసి కాలిపోయింది.

అందరూ నన్ను చూసి, పెద్దదానిలా నిలబడి అన్నీ దగ్గరుండి చూసుకుందన్నారు. మొదటిది చేతకానితనం అనుకుని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. రెండోదానికి ఏ పేరు పెట్టుకోను? పట్టుబడతానన్న భయంతో ఆ పిల్ల చేతుల్లోంచి లాక్కున్నాను. అబద్ధపు సంచే కావచ్చు. పదకొండేళ్లు దాని మీద తిరిగిన తల్లి చేతులు అబద్ధం కాదు కదా.

పింకీ ఆదివారాలు వస్తుంది. నా వంట తిని వెళ్తుంది. ఈ మాట చెప్పకుండానే పంపేస్తాను. ఇది తెలుగులో రాస్తున్నాను. పింకీకి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. ఆ సంగతి తెలిసే రాస్తున్నానని మీకూ అర్థమయ్యే ఉంటుంది. నన్ను క్షమించమని అడగను, మీరు క్షమించగలిగేది కాదు. ఆ సంచి సుబేదారుది కాదు, నేను కుట్టింది. ఈ మాట ఇన్నేళ్లలో మొదటిసారి నా లోపల కాకుండా బయట ఉంది.