నాలుగేళ్ల సముద్రం

వైమోనా గురించి టోంగా దీవుల్లోని నేయాఫు రేవులో రెండు మాటలు చెబుతారు: మనిషి మొండిది, ఏదీ పారేయదు. రెండూ నిజమే. యాభై మూడేళ్ల మనిషి, రేవు కార్యాలయంలో గుమాస్తా. కంప్యూటరు నలభై దాటాక, తప్పులు చేస్తూ నేర్చుకుంది. ఇలాంటివాళ్లను చూపించి పట్టుదల ఉంటే చాలని ఉపన్యాసాలిస్తారు. చాలదు. ఏది ఎక్కడ ఉంచాలో కూడా తెలియాలి.

రేవు గోడకు బిగించిన కొలత పరికరం పది నిమిషాలకోసారి నీటిమట్టం చెబుతుంది. దాన్ని రాసుకునే ప్రోగ్రాము ఒక కంటైనర్‌లో, ఆ కొలతలతో పడవవాళ్లకు నీటి ఎగుడుదిగుళ్ల గీతపటం గీసే ప్రోగ్రాము ఇంకో కంటైనర్‌లో నడుస్తాయి. కంటైనర్ అంటే ఓడల మీది పెట్టె కాదు, కంప్యూటరు లోపల ఒక్కో ప్రోగ్రామును విడిగా ఉంచే మూత బిగించిన పెట్టె. పక్కపెట్టెలో ఏముందో దానికి తెలియదు. దాన్ని తీసేస్తే లోపల రాసిందంతా దానితోపాటే పోతుంది. అందుకే వైమోనా కొలతలను రెండింటికీ బయట, వాల్యూమ్ అనే ఉమ్మడి కొట్టులో పెట్టింది. ఒకటి అందులో రాస్తుంది, రెండోది చదువుతుంది. పెట్టెలు ఎన్నిసార్లు మార్చినా కొట్టు చెక్కుచెదరలేదు. అలా నాలుగేళ్ల సముద్రం పోగయింది.

ఆ పరికరాన్ని ఊడదీసి ఇంకో దీవికి పట్టుకుపోవాలా వద్దా అని తేల్చడానికి సోమవారం అధికారులు వస్తున్నారు. నాలుగేళ్ల పటం చూపిస్తే ఉంటుంది, లేకపోతే పోతుంది. ఆదివారం టోంగాలో ఎవరూ పని ముట్టరు. కాబట్టి వైమోనా శనివారం పొద్దున్నే కూర్చుని సర్దుడు మొదలుపెట్టింది. కొత్త ఫోల్డరు తెరిచి, సెట్టింగులన్నీ అందులోకి మార్చి, పాత కంటైనర్లు తీసేసి, కొత్తవి లేపి నడిపించింది. పటం మీద ఒకే ఒక్క చుక్క కనిపించింది.

ఫెర్రీ నడిపే తమ్ముడు సియోసాయా భుజం మీంచి తొంగిచూశాడు.

"ఏంటక్కా, సముద్రం ఇవాళే పుట్టిందా?"

"నోరు మూసుకుని కూర్చో."

రాజధానిలో కంప్యూటర్ల పని చేసే మేనల్లుడు సామియుకు ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"డిస్కు ఎంత నిండిందత్తా?"

"నూటికి తొంభై ఆరు."

"అదీ సంగతి. ముందు ఖాళీ చెయ్యి. ఎవరూ వాడని వాల్యూములన్నీ తుడిచేసే కమాండ్ ఒకటుంది, పంపుతున్నా. కొట్టెయ్."

ఆమె టైపు చేసింది. నిజంగానే తుడవమంటావా అని మిషను అడిగింది.

"ఎవరూ వాడనివంటే ఏవిరా?"

"ఏ కంటైనర్‌కీ తగిలించి లేనివి. చెత్త."

వైమోనా వేలు వెనక్కి తీసుకుంది. "మీ అమ్మ మంచం కింద చాపలెన్ని ఉన్నాయి?"

"ఏమో, ఏడెనిమిది."

"ఎవరు వాడుతున్నారు?"

"ఎవరూ వాడరు. పెళ్లికో చావుకో తీస్తారు."

"చెత్తేనా అవి?"

టోంగాలో మేనత్తకు ఎదురుచెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు.

"సరే అత్తా, వద్దని టైపు చెయ్యి," అన్నాడు సామియు. "ముందు ఉన్న వాల్యూముల జాబితా తియ్యి."

జాబితాలో రెండు కొట్లున్నాయి. ఒకటి ఇవాళ్టిది, కొత్త ఫోల్డరు పేరుతో. రెండోది నాలుగేళ్ల కిందటిది, పాత ఫోల్డరు పేరుతో. వేరే పేరు మనం చెప్పకపోతే ఏ ఫోల్డరులోంచి లేపితే ఆ పేరు తగిలించి కొట్టు కట్టుకోవడం మిషను అలవాటు. పాతది భద్రంగానే ఉంది, ఏ కంటైనర్‌కీ తగిలించి లేకుండా, తుడిచేవాటి వరసలో మొదటిదిగా.

"ఇంతసేపూ నేను దాన్నే..." అని సామియు ఆగిపోయాడు.

"అవును, దాన్నే. తర్వాత ఏడుద్దువుగానిలే. ఎలా తగిలించాలో చెప్పు."

ఫోల్డరు ఏదైనా ఈ కొట్టునే వాడమని సెట్టింగుల్లో దాని పూర్తి పేరు రాసి, రెండు కంటైనర్లనూ మళ్లీ లేపింది. పటం ఎడమవైపుకు సాగుతూ సాగుతూ నాలుగేళ్ల వెనక్కి వెళ్లి ఆగింది. ఉడికించిన కర్రపెండలం సగం విరిచి సియోసాయా అక్క చేతిలో పెట్టాడు. ఆమె ముందు ఆ నాలుగేళ్లకూ ఒక నకలు తీసి వేరే డిస్కులో దాచింది. తిండి ఆ తర్వాతే.

సోమవారం ముగ్గురు అధికారులు పటం ముందు గంటసేపు నిలబడ్డారు. పరికరం ఇంకో మూడేళ్లు ఇక్కడే ఉంటుందని పెద్దాయన రాసిచ్చాడు. చిన్న అధికారిణి వెనక ఆగి అడిగింది: "తుఫాను హెచ్చరికల ప్రోగ్రాము మేమూ ఒకటి రాశాం. మీ కొలతలు దానికీ ఇస్తారా?"

"దాని కంటైనర్ తెచ్చి ఇక్కడే నడుపుకో అమ్మా. అదే కొట్టుకు తగిలిస్తాను," అంది వైమోనా, కుర్చీ ఆమె వైపు జరుపుతూ. "చదవడానికి మాత్రమే. రాయాలంటే నన్నడగాలి."